అరబ్బు మజ్లిస్‌లో మన యువకులు

1973లో చమురు ధరలు పెరిగిన తరువాత హైదరాబాదు, కరీంనగర్, నిజామాబాదు, కడప ప్రాంతాలనుండి వేలాదిమంది గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళారు. నేటికీ వెళుతున్నారు. వెళ్ళబోయే మన ముస్లిం విద్యార్థులలో ఒక ధీమా కనిపిస్తుంది: నమాజు ఒకటే, సలాము ఒకటే, ఉర్దూ వచ్చు గనుక అరబ్బీ సగం వచ్చినట్లే! ఈ ధీమాయే పొరపాట్లకు మూలమని మా అభిప్రాయం. హిందూ సోదరుడు తనకు తెలియదు గనుక అడిగి తెలుసుకొంటాడు. మనవాడు తెలుసుననుకొని అడగడు. మతము వేరు, ఆ దేశపు ఆచారము వేరు.

ముందుగా భాష సంగతి. ఉర్దూలోనూ తెలుగులోనూ 'గరీబు' అంటే బీదవాడు. అరబ్బీలో పరాయివాడు, వింతైనవాడు అని అర్థం. జీతం పెంచమని కోరుతూ తాను గరీబునని మొరపెట్టుకొంటే యజమానికి అర్థమయ్యేది వేరు. మన 'జులూస్' ఊరేగింపు. వారి 'జులూస్' కూర్చుండుట!

అతిథులను కూర్చుండబెట్టే గది మజ్లిస్. అచ్చట అరికాలు ఎదుటివారివైపు చూపరాదు. పిడిలేని చిన్న కప్పు, ఫింజాన్‌లో, 'గహ్వా' అనే కాఫీని పావువంతు మాత్రమే పోస్తారు. అది పిసినారితనం కాదు. నిండుగా పోయడమే అతిథికి అమర్యాద. కుడిచేత అందుకొని ఒక కప్పయినా త్రాగవలెను, మూడు మించరాదు. చాలుననుకొంటే కప్పును కొద్దిగా అటూఇటూ ఆడించి తిరిగి ఇవ్వాలి. లేనిచో పోసేవాడు పోస్తూనే ఉంటాడు. ఈ కాఫీ మర్యాదను 2015లో యునెస్కో మానవాళి వారసత్వపు జాబితాలో చేర్చింది. 'ఔను' అనుటకు మనం తలను ప్రక్కలకు ఆడిస్తాము. అది వారికి కాదన్నట్లు తోచవచ్చు. నోటితో 'నఅమ్' అనడం మేలు.

పనిమాటకు ముందు క్షేమసమాచారాలు తీరికగా సాగుతాయి. తొందరపడరాదు. అయితే స్నేహితుని భార్యను గూర్చి ప్రత్యేకంగా అడుగరాదు. మన పెద్దలు 'ఇంట్లో అందరూ కులాసాయేనా' అనేవారు. ఆ పద్ధతే చాలును. పిల్లవానిని మెచ్చుకొనునపుడు 'మాషా అల్లాహ్' అని చేర్చాలి. దిష్టి భయం అచ్చటి తల్లులకూ ఉన్నది.

కొన్ని మర్యాదలు చట్టముగానూ మారాయి. సౌదీ అరేబియా 2019లో ప్రజామర్యాద నియమావళిని అమలులోకి తెచ్చింది. చెత్త పారవేయుట, నమాజు వేళ సంగీతం వినిపించుట, అనుమతి లేక ఇతరులను ఫొటో తీయుట, రాత్రి దుస్తులతో బయట తిరుగుట, వీటన్నిటికీ జరిమానాలున్నాయి. లుంగీతో వీధి దుకాణానికి పోయే అలవాటున్నవారు దానిని గదిలోనే ఉంచుకొనడం క్షేమం.