రాజు లేని దేశంలో న్యాయం ఎలా నడిచింది?

‘ప్రభుత్వం ఎందుకు?’ అని తరగతిలో అడిగితే పిల్లలు ఠక్కున చెప్పే జవాబు ఒకటే: ‘పోలీసులు లేకపోతే అన్నీ కొట్లాటలే కదా సార్!’ ఈసారి మనం అక్కడితో ఆగకుండా వాళ్లకు ఐస్‌లాండ్ సంగతి చెప్పి చూద్దాం.

ఆ దీవిలో స్థిరపడిన రైతులు క్రీ.శ. 930లో ‘ఆల్తింగ్’ అనే సభ పెట్టుకున్నారు. రాజు లేడు, సైన్యం లేదు, పోలీసులు లేరు. ఏటా వేసవిలో రెండు వారాల పాటు థింగ్వెల్లిర్‌లో కలిసి తగవులు విచారించుకునేవారు. మొదట్లో చట్టానికి పుస్తకం లేదు. మూడేళ్లకోసారి ఎన్నికయ్యే చట్టం పెద్ద, ఏటా మూడో వంతు చొప్పున దాన్ని అందరికీ వినిపించేవాడు. అది రాతలోకి రావడం 1117-18 శీతకాలంలో మొదలైంది.

మరి తీర్పు అమలు చేసేదెవరు? గెలిచినవాడే! పెద్ద శిక్ష వెలి. పూర్తి వెలి పడినవాడికి ఎవరూ తిండి పెట్టకూడదు, చోటివ్వకూడదు. వాణ్ని చంపినా నేరం కాదు.

ఇది నిలబడటానికి ఒక కారణం ఉంది. ‘గోది’ అనే నాయకులు పదుల సంఖ్యలో ఉండేవారు. తన గోది నచ్చకపోతే రైతు మరొకరి పక్షం చేరవచ్చు. అందుకే ఎవరూ హద్దు మీరలేకపోయేవారు.

లోపమూ అక్కడే ఉంది. బలం లేనివాడు గెలిచినా తీర్పు కాగితానికి కూడా నోచుకోని మాటే. బలవంతుడికి తన దావా అప్పగించుకోవాల్సి వచ్చేది. 13వ శతాబ్దానికి గోది పదవులు కొద్ది కుటుంబాల చేతికి చేరాయి. రైతుకు వేరే పక్షం లేకుండా పోయింది. దశాబ్దాల పోరాటాల తర్వాత 1262-64 మధ్య నార్వే రాజు ఏలుబడికి ఒప్పుకున్నారు.

అంటే కేంద్ర అధికారం లేకుండానే మూడు వందల ఏళ్లు క్రమం నడిచింది. బలం ఒకచోట పోగుపడగానే చెదిరింది.

పిల్లలకు ఇది తెలియనిదేమీ కాదు. అంపైర్ లేకుండానే వీధిలో క్రికెట్ ఆడతారు. బ్యాటు, బంతి రెండూ ఒక్కడివే అయిన రోజున ఔటైనా వాడు దిగడు! ‘అప్పుడు మీరేం చేస్తారు?’ అని ఉపాధ్యాయులు బడిలో, తల్లిదండ్రులు ఇంట్లో తెలుగులోనే అడగండి. పౌరశాస్త్రం పాఠం అక్కడే మొదలవుతుంది.