'ప్యాకెట్ రాలేదు' అన్నవాళ్లంతా దొంగలు కాదు

షోలాపూర్ దగ్గరి కుంభారిలో ఇళ్ల నుంచే ఫోన్‌లో టవళ్లు, నాప్కిన్లు అమ్మేవాళ్ల మధ్య ఒక మాట తిరుగుతోంది. సాదా పోస్టులో పంపిన ప్యాకెట్ రాలేదని ఎవరైనా అంటే వాళ్లు దొంగలేనట. పైసా వాపసు ఇవ్వకూడదట, పేరూ నంబరూ గ్రూపులో పెట్టాలట. మాట వరకే అయితే వదిలేయొచ్చు. కానీ కరీంనగర్‌లోనో సిరిసిల్లలోనో ఉన్న కొనుగోలుదారు ఫోన్ నంబరు స్టేటస్‌లకు ఎక్కితే అది ఒక మనిషి పరువుకు సంబంధించిన సంగతి. షోలాపూర్ తెలుగువాళ్ల వ్యాపారం నడిచేదే చుట్టరికాల మీద, పరిచయాల మీద. ఒక ఇంటిని దొంగ అంటే ఆ వీధి వీధంతా మన దగ్గర కొనడం మానేస్తుంది.

అపోహ: రాలేదన్నారంటే అబద్ధమే

వాస్తవం: సాదా పోస్టుకు బుకింగ్ నంబరు ఉండదు, అందుకున్నట్టు సంతకం ఉండదు. చేరిందని మనం రుజువు చేయలేం, చేరలేదని వాళ్లూ రుజువు చేయలేరు. రుజువు లేని పద్ధతిని ఎంచుకున్నది మనం, కొన్నవాళ్లు కాదు. మరి నేరం వాళ్ల మీద ఎలా వేస్తాం?

ప్యాకెట్ దారి తప్పడానికి దొంగే అక్కర్లేదు. పిన్‌కోడ్‌లో ఒక అంకె తారుమారైనా, చిరునామా మీద ఇంకు చెరిగినా, పక్క వీధిలో అదే పేరున్న మనిషి ఉన్నా చాలు. ఈ సంగతి కుంభారివాళ్లకు ఒకరు చెప్పాలా? 2006లో బీడీ కార్మికులకు అందిన గోదూతాయి పరులేకర్ కాలనీలోనే 10,000 ఇళ్లు. 2024 జనవరిలో రే నగర్‌లో మరో 15,000 ఇళ్లు అప్పగించారు. ఒకే తీరుగా కట్టిన ఆ వరుసల్లో ఇంటి నంబరు ఒక్కటి తప్పుగా రాస్తే ఉత్తరం ఎవరి గుమ్మంలో పడుతుందో మనకు అనుభవమే. అవతలి ఊళ్లలోనూ పోస్ట్‌మ్యాన్ కష్టం ఇదే.

ఇక డబ్బు సంగతి. 200 గ్రాముల నాప్కిన్ల ప్యాకెట్‌ను సాదా ఉత్తరంగా పంపితే ప్రతి 20 గ్రాములకు ₹5 చొప్పున ₹50 అవుతుంది. అదే ప్యాకెట్ స్పీడ్ పోస్టులో హైదరాబాద్‌కు పంపితే 2025 అక్టోబర్ రేట్ల ప్రకారం ₹63, జీఎస్టీ కలిపితే సుమారు ₹74. అంటే ప్యాకెట్‌కు ₹24 మిగిలింది. 50 ప్యాకెట్లకు ₹1,200. ప్యాకెట్ ధర ₹250 అనుకుంటే, 50లో నాలుగు పోయాయన్నా వాపసు ఇవ్వడానికి ఆ మిగులే సరిపోతుంది. ఆ ₹24 లాభం కాదు, పోయిన ప్యాకెట్ల కోసం పక్కన పెట్టుకోవాల్సిన సొమ్ము. మిగులు మనం ఉంచుకుని నష్టం కొన్నవాళ్ల నెత్తిన రుద్దడం న్యాయం కాదు.

అబద్ధం చెప్పేవాళ్లు అసలే లేరని ఎవరూ అనడం లేదు. అదే చిరునామా నుంచి రెండోసారీ 'రాలేదు' అని వస్తే, ఆ తర్వాత వాళ్లకు స్పీడ్ పోస్టులోనే పంపండి. మందు అంతే. పేరూ నంబరూ ఊరంతా పంచితే మాత్రం భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం కేసు మన మీదికే రావచ్చు.

అపోహ: పోస్టులో వేశాక మన పూచీ తీరింది

వాస్తవం: ఇష్టం లేకపోయినా ఒప్పుకోవాలి, ఈ మాటలో కొంత నిజం ఉంది. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 39వ సెక్షన్ ప్రకారం, సరుకును రవాణా చేసేవాళ్లకు అప్పగిస్తే కొన్నవాళ్లకు అప్పగించినట్టే అని మొదట భావిస్తారు. అయితే ఆ సెక్షన్‌ను అక్కడితో ఆపి చదవకూడదు. సరుకు స్వభావానికి తగిన రవాణా ఏర్పాటు అమ్మినవాళ్లు చేయాలనీ, చేయకపోతే దారిలో పోయిన సరుకును అందినట్టు లెక్కవేయడానికి కొన్నవాళ్లు ఒప్పుకోనక్కర్లేదనీ వెంటనే రాసి ఉంది. చద్దర్ల కట్టను నంబరు లేకుండా పంపి ఈ సెక్షన్ చూపిస్తే నిలబడదు.

అపోహ: పోతే పోస్టాఫీసు కడుతుంది

వాస్తవం: 2024 జూన్‌లో అమల్లోకి వచ్చిన కొత్త పోస్టాఫీసు చట్టం ప్రకారం నిబంధనల్లో చెప్పినంత మేరకే తపాలా శాఖకు బాధ్యత. సాదా పోస్టు పోతే ఏమీ రాదు. స్పీడ్ పోస్టు పోతే కట్టిన చార్జీకి రెట్టింపు లేదా ₹1,000, ఏది తక్కువైతే అదే వస్తుంది. సరుకు ఖరీదైనదైతే ఇన్సూర్ చేయించాలి.

మిగతావి త్వరగా:

'కొరియర్‌వాళ్లు పూర్తి ధర ఇస్తారు.' ఇవ్వకపోవచ్చు. భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో 1996లో సుప్రీంకోర్టు, సంతకం పెట్టిన కాగితంలో ఉన్న 100 డాలర్ల పరిమితినే ఖాయం చేసింది.

'రిజిస్టర్ పోస్టు రద్దయింది.' రద్దు కాలేదు, స్పీడ్ పోస్టులో కలిసింది. ₹5, దానిపై జీఎస్టీ అదనంగా కడితే ఆ సేవ ఉంది.

'పోస్టులో వేసినట్టు ముద్ర వేయించుకుంటే చాలు.' అలా ముద్ర వేసిచ్చే సర్టిఫికెట్ 2011లోనే ఆగిపోయింది.

'ఇంట్లోంచి అమ్మేవాళ్లకు చట్టం వర్తించదు.' క్రమం తప్పకుండా అమ్మితే 2020 ఈ-కామర్స్ నిబంధనలు వర్తిస్తాయి. కొన్నవాళ్లు 1915కు ఫోన్ చేయొచ్చు.

కాబట్టి చేయాల్సింది ఇది. ప్యాకెట్ మీద మీ చిరునామా తప్పకుండా రాయండి. అది లేకపోతే ఎవరికీ అందని ప్యాకెట్ మీ ఇంటికి తిరిగొచ్చే దారే ఉండదు. రాసిన చిరునామాను ఫోటో తీసి, పోస్టులో వేయకముందే కొన్నవాళ్లకు పంపి సరిచూడమనండి. రాలేదంటే కోప్పడకుండా ఇంట్లో, పక్కింట్లో, వాళ్ల పోస్టాఫీసులో ఒకసారి అడగమనండి. రెండు మూడు వారాలు ఆగండి. అప్పటికీ రాకపోతే డబ్బు వాపసు ఇవ్వండి, లేదా మరో ప్యాకెట్ స్పీడ్ పోస్టులో పంపండి. ఎంత విలువ దాటితే సాదా పోస్టు వద్దో ఇవాళే నిర్ణయించుకుని, ఆ ఖర్చు కలిపి ధర చెప్పండి. పోయినా ఓర్చుకోగలిగిన సరుకునే సాదా పోస్టులో వేయండి.