రిఫైనరీ మన పక్కనే... మరి పెట్రోలు ధర ఎవరి చేతిలో?

వన్‌టౌన్‌కి హార్బర్ అవతలే మల్కాపురం రిఫైనరీ. ముడిచమురు మన రేవులోనే దిగుతుంది, పెట్రోలు మన దగ్గరే తయారవుతుంది. అయినా విశాఖ బంకులో లీటరు రేటు రిఫైనరీ లేని ఢిల్లీ కంటే ఎక్కువ. ఎందుకు? ఇంటర్వ్యూ బోర్డు ఈ ఒక్క ప్రశ్న అడిగితే మీరేం చెబుతారు?

'అంతర్జాతీయంగా క్రూడ్ పెరిగింది సార్' అంటే బోర్డు తల ఊపి ఇంకో ప్రశ్నకు వెళ్లిపోతుంది. అది అందరూ చెప్పే జవాబే. పైగా క్రూడ్ ధర విశాఖకీ ఢిల్లీకీ ఒకటే కదా! గ్రూప్స్, బ్యాంకు పరీక్షలు, ప్రభుత్వ రంగ చమురు కంపెనీల ఇంటర్వ్యూలు... ఎందులోనైనా పనికొచ్చే అంశమిది. పన్నులు, సబ్సిడీలు, ద్రవ్యోల్బణం, కేంద్ర-రాష్ట్ర సంబంధాలు అన్నీ ఒక్క లీటరు పెట్రోల్లో ఉన్నాయి. కోచింగ్ సెంటర్‌కి బండి మీద వెళ్లేవారికీ, డెలివరీ పని చేస్తూ చదువుకునేవారికీ ఇది జేబుకు సంబంధించిన విషయం కూడా.

విశాఖకు ఈ కథలో చోటుంది

విశాఖ రిఫైనరీని 1957లో కాల్టెక్స్ అనే విదేశీ కంపెనీ ప్రారంభించింది. 1970లలో ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుంది. 1978లో అది హెచ్‌పీసీఎల్‌లో కలిసింది. విస్తరణ ప్రాజెక్టుతో దాని సామర్థ్యాన్ని ఏడాదికి 83 లక్షల టన్నుల నుంచి కోటిన్నర టన్నులకు పెంచారు. అత్యవసరాల కోసం 13.3 లక్షల టన్నుల ముడిచమురు దాచే భూగర్భ నిల్వ కేంద్రం కూడా ఇక్కడుంది.

అన్నిటికంటే పరీక్షకు పనికొచ్చే విషయం ఇంకొకటి. ఇంధన ధరలను రోజూ మార్చే విధానాన్ని దేశమంతా అమలు చేసే ముందు, 2017 మే 1న 5 నగరాల్లో ప్రయోగించి చూశారు. పుదుచ్చేరి, ఉదయ్‌పూర్, జంషెడ్‌పూర్, చండీగఢ్‌లతో పాటు ఆ జాబితాలో మన విశాఖ ఉంది. అదే ఏడాది జూన్ 16 నుంచి దేశమంతా ఉదయం 6 గంటలకు కొత్త రేటు రావడం మొదలైంది. అంతకుముందు 15 రోజులకోసారి మార్చేవారు.

ప్రభుత్వం చేతి నుంచి కంపెనీల చేతికి

ఈ తేదీలు గుర్తుపెట్టుకోండి.

• 2002 ఏప్రిల్ 1 వరకు పాలనాత్మక ధరల విధానం ఉండేది. అంటే ధర ప్రభుత్వమే నిర్ణయించేది. హెచ్చుతగ్గులను 'ఆయిల్ పూల్ అకౌంట్' ద్వారా సర్దేవారు. ఆ రోజుతో ఆ విధానం రద్దయింది. కానీ ఆచరణలో ప్రభుత్వం పట్టు వదల్లేదు.

• 2010 జూన్‌లో పెట్రోలు ధర నిర్ణయం కంపెనీలకు వదిలేశారు.

• 2013 జనవరి నుంచి డీజిల్‌ను నెలకు దాదాపు 50 పైసల చొప్పున పెంచుతూ వచ్చారు. 2014 అక్టోబరులో దానిపైనా నియంత్రణ ఎత్తేశారు.

• 2017 జూన్ 16 నుంచి రోజువారీ ధరలు.

ఎందుకు వదులుకుంది? భారం మోయలేక. అసలు ఖర్చు కంటే తక్కువకు అమ్మడం వల్ల కంపెనీలకు రావలసి రాకుండా పోయిన మొత్తాన్ని 'అండర్ రికవరీ' అంటారు. 2012-13లో డీజిల్, కిరోసిన్, వంటగ్యాస్‌ల మీద ఇది 1.61 లక్షల కోట్ల రూపాయలు. అంతకుముందు కొన్నేళ్లు ప్రభుత్వం నగదుకు బదులు కంపెనీలకు 'ఆయిల్ బాండ్లు' ఇచ్చింది. అంటే అప్పటి సబ్సిడీని తర్వాతి ప్రభుత్వాలు వడ్డీతో సహా తీర్చాల్సి వచ్చింది.

ఒక లీటరులో ఎవరి వాటా ఎంత?

మొదటిది కంపెనీ ధర. ఇక్కడే చాలామంది పొరబడతారు. మల్కాపురంలో శుద్ధి చేయడానికి ఎంత ఖర్చయిందన్న దాన్ని బట్టి ఈ ధర రాదు. అదే పెట్రోలును విదేశం నుంచి తెప్పిస్తే మన రేవుకు చేరేసరికి ఎంతవుతుందన్నది దీనికి ప్రధాన ఆధారం. అందుకే రిఫైనరీ పక్కనున్నంత మాత్రాన చవకగా రాదు. కలిసొచ్చేది కొంత రవాణా ఖర్చే. దేశ అవసరాల్లో 85 శాతానికి పైగా ముడిచమురు దిగుమతే కాబట్టి డాలరు మారకం రేటు కూడా ఇందులో కలుస్తుంది.

రెండోది కేంద్ర ఎక్సైజ్ సుంకం. ఇది శాతం కాదు, లీటరుకు ఇన్ని రూపాయలని ఉంటుంది. 2025 ఏప్రిల్ పెంపు తర్వాత పెట్రోలుపై 21.90, డీజిల్‌పై 17.80 రూపాయలు. పెట్రోలు సుంకంలో రాష్ట్రాలతో పంచుకునే 'బేసిక్' ఎక్సైజ్ మాత్రం 1.40 రూపాయలే. మిగతాదంతా సెస్సులు, ప్రత్యేక సుంకాలు. అవి కేంద్రానికే ఉంటాయి. రాష్ట్రాలు తరచూ లేవనెత్తే అభ్యంతరం ఇదే.

మూడోది డీలర్ కమిషన్. బంకు యజమానికి వచ్చేది లీటరుకు కొద్ది రూపాయలు.

నాలుగోది రాష్ట్ర వ్యాట్. 2024 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలుపై 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, 1 రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్. తెలంగాణలో 35.20 శాతం. ఢిల్లీలో 19.40 శాతమే. మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. 2024 మార్చిలో లీటరుకు 2 రూపాయలు తగ్గించాక ఢిల్లీలో పెట్రోలు 94.72 రూపాయలు, విశాఖలో 108కి పైనే. కాకినాడ పక్కనున్న యానాం పుదుచ్చేరిలో భాగం. అక్కడ పన్ను తక్కువ కావడంతో చుట్టుపక్కల బండ్లు ట్యాంకులు నింపుకోవడానికి అక్కడికి వెళ్తాయి.

లెక్క వేసి చూద్దాం. వ్యాట్‌కు ముందు ధర 80 రూపాయలు అనుకోండి. 31 శాతం అంటే 24.80. పైన 5 రూపాయలు. బంకు ధర 109.80. ఇప్పుడు ముందు ధర 10 రూపాయలు పెరిగి 90 అయితే? వ్యాట్ 27.90 అవుతుంది, బంకు ధర 122.90కి చేరుతుంది. పెరిగింది 10 కాదు, 13.10. రాష్ట్రం ఏ ఉత్తర్వూ ఇవ్వకుండానే దాని ఆదాయం 3.10 పెరిగింది. శాతం పన్నుకు, స్థిర పన్నుకు తేడా ఇదే. పెట్రోలు, డీజిల్‌ను జీఎస్టీలోకి తేవడం ఎందుకంత కష్టమో కూడా ఈ లెక్కతో అర్థమవుతుంది. ఇంత ఆదాయాన్ని వదులుకోవడానికి కేంద్రమూ సిద్ధంగా లేదు, రాష్ట్రాలూ సిద్ధంగా లేవు.

పెంచకపోవడమూ నిర్ణయమే

నియంత్రణ పోయింది కాబట్టి ప్రభుత్వ పాత్ర పోయిందా? రికార్డు చూస్తే అలా అనిపించదు.

2020 ఏప్రిల్‌లో కొవిడ్ దెబ్బకు మనం కొనే క్రూడ్ సగటున బ్యారెల్ 20 డాలర్లకు పడిపోయింది. బంకు ధర మాత్రం ఆ మేరకు తగ్గలేదు. ఎందుకంటే ఆ మార్చి, మే నెలల్లో కేంద్రం పెట్రోలు ఎక్సైజ్‌ను 19.98 నుంచి 32.98 రూపాయలకు పెంచింది. తర్వాత 2021 నవంబరులో 5, 2022 మేలో 8 రూపాయలు తగ్గించింది.

2021 నవంబరు 4 నుంచి 2022 మార్చి 21 దాకా, అంటే 5 రాష్ట్రాల ఎన్నికలు ముగిసేవరకు, కంపెనీలు ధర ముట్టుకోలేదు. 137 రోజుల తర్వాత మొదలుపెట్టి 16 రోజుల్లో 10 రూపాయలు పెంచాయి. మళ్లీ 2022 ఏప్రిల్ 6 నుంచి 2024 మార్చి దాకా అంతా మౌనమే. తర్వాత లోక్‌సభ ఎన్నికల ప్రకటనకు ముందు 2 రూపాయల తగ్గింపు. 'రోజువారీ ధర' అన్నమాట కాగితం మీదే మిగిలింది.

దాని ఫలితం హెచ్‌పీసీఎల్ లెక్కల్లో కనిపిస్తుంది. 2022-23లో దాదాపు 9 వేల కోట్ల రూపాయల నష్టం, 2023-24లో 14 వేల కోట్లకు పైగా లాభం. క్రూడ్ మండినప్పుడు కంపెనీ భరించింది. చల్లబడినప్పుడు వినియోగదారుడికి తగ్గించకుండా రాబట్టుకుంది.

ఫిషింగ్ హార్బర్‌లో ఇదే లెక్క

వన్‌టౌన్ పక్కనే ఉన్న ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు వేటకెళ్లాలంటే పెద్ద ఖర్చు డీజిలే. అందుకే రాష్ట్ర ప్రభుత్వం 2019లో మత్స్యకారులకు లీటరుపై సబ్సిడీని 6.03 నుంచి 9 రూపాయలకు పెంచింది. ఒక చేత్తో వ్యాట్ తీసుకుని, ఇంకో చేత్తో ఒక వర్గానికి కొంత తిరిగివ్వడం అన్నమాట. అందరికీ ధర తగ్గించడం మేలా, అవసరమైనవారికి మాత్రమే సాయం చేయడం మేలా? గ్రూప్ డిస్కషన్లకు దీనికంటే మంచి ఉదాహరణ దొరకదు.

బయటి దేశాల అనుభవమూ చెప్పండి. విదేశీ మారకం నిండుకున్న శ్రీలంక 2022లో క్యూఆర్ కోడ్‌తో వారానికింతని ఇంధనం పంచాల్సి వచ్చింది. ముడిచమురు ఎగుమతి చేసే నైజీరియాలో కూడా 2023లో సబ్సిడీ ఎత్తేయగానే ధర రెండింతలు దాటింది. చమురు ఉన్నా లేకున్నా, అసలు ధరను ఎక్కువ కాలం దాచితే ఏదో ఒకరోజు అది ఒక్కసారిగా మీద పడుతుంది.

బోర్డు ముందు ఇలా చెప్పండి

'చట్టప్రకారం ధర కంపెనీలది. కానీ బంకు ధరలో పెద్ద భాగం కేంద్ర, రాష్ట్ర పన్నులు. ఎప్పుడు మార్చాలన్నదానిపై ప్రభుత్వ రంగ కంపెనీలకు పూర్తి స్వేచ్ఛ లేదన్నట్టే కనిపిస్తోంది. విశాఖలో రిఫైనరీ ఉన్నా ఢిల్లీ కంటే ధర ఎక్కువ ఉండడానికి ప్రధాన కారణం వ్యాట్.' ఈ నాలుగు వాక్యాలు చాలు. ఆ పైన మీ అభిప్రాయం అడిగితే ఏదో ఒక పక్షం తీసుకోండి, కానీ ఎదుటి పక్షం లెక్క కూడా చెప్పండి. పన్ను తగ్గిస్తే రోడ్లకూ పింఛన్లకూ డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న తప్పక వస్తుంది.

ఇంటర్వ్యూకి వెళ్లే ముందు రోజు పన్ను రేట్లు ఒకసారి సరిచూసుకోండి. పెట్రోలియం శాఖ కింద పనిచేసే పీపీఏసీ ధరల విభజనను, రాష్ట్రాల వారీ పన్నులను తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఈ రంగంలోనే పనిచేయాలనుకుంటే దారులు ఇంజినీర్లకే పరిమితం కావు. రిఫైనరీకి కెమికల్, మెకానికల్ ఇంజినీర్లు కావాలి. ధరలు, పన్నులు, కొనుగోళ్ల విభాగాలకు కామర్స్, ఎకనామిక్స్, సీఏ చదివినవారు కావాలి. పెట్రోలియం, ఇంధన చదువుల కోసమే 2016లో మొదలైన ఐఐపీఈ కూడా విశాఖలోనే ఉంది.