తన పాటను తాను మరల నేర్చిన గాయకుడు

అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున క్రాఫర్డ్స్‌విల్ అను పట్టణము కలదు. అచటి వాబాష్ కళాశాలలో 1964వ సంవత్సరము నవంబరు 23వ తేదీన నల్లజాతికి చెందిన యొక వృద్ధుడు గిటారు చేతబట్టి పాడెను. ఆయన పేరు సన్ హౌస్. వయస్సు 62 ఏండ్లు. ఆనాటి గానమును టేపుపై నెక్కించిరి. ఆ టేపు, గాయకుని వ్యవహారములు చూచిన డిక్ వాటర్‌మన్ వద్ద చిరకాలము భద్రముగా నుండి, 2022లో "ఫరెవర్ ఆన్ మై మైండ్" అను పేర రికార్డుగా వెలువడెను. అందున్నవి 8 పాటలు మాత్రమే. కాని ఆ పాటలు ఆ సభ వరకు ఎట్లు చేరినవో తెలిసికొనుట సాహిత్య విద్యార్థులకును ఉపకరించును.

మిసిసిపీ డెల్టా ప్రాంతమున ప్రత్తిచేలలో చాకిరి చేసిన నల్లజాతి జనుల పాట బ్లూస్. సామాన్యముగా ఒక్కొక్క చరణమునకు మూడు పాదములుండును. మొదటి పాదమునే రెండవమారు పాడి, మూడవ పాదమున దానికి బదులు చెప్పుదురు. ఇది పునరుక్తి దోషము కాదు. వినువాని మనస్సు ఆ మాటపై నిలుచుటకును, పాడువాడు తరువాతి పాదమును తలపోసికొనుటకును అది యెడము. పాదము ముగియగనే గిటారు పలుకును. మన బుర్రకథలో కథకునకు వంతలెట్లో, ఇచట గాయకునకు గిటారట్లు. సన్ హౌస్ వ్రేలికి గొట్టము తొడిగి తీగలపై జార్చెడివాడు. అందుచే స్వరము మెట్లకు కట్టుబడక, ఏడ్పువలె సాగెడిది.

ఆయన 1902లో మిసిసిపీలోని క్లార్క్స్‌డేల్ సమీపమున జన్మించెను. యౌవనమున క్రైస్తవ మతబోధకుడై, బ్లూస్ పాటను పాపముగా నెంచెను. పిదప సుమారు 25వ ఏట గిటారు పట్టెను. ప్రార్థనామందిరమునకును పానశాలకును నడుమ ఆయన మనస్సు చిరకాలము ఊగిసలాడెను. ఒక తగాదాలో ఒకని కాల్చి చంపిన నేరమునకై 1928లో పార్చ్‌మన్ కారాగారమునకు పోయెను. 1930లో పారమౌంట్ సంస్థకై విస్కాన్సిన్ రాష్ట్రములోని గ్రాఫ్టన్‌లో కొన్ని పాటలు పాడెను. ఆర్థిక మాంద్యపు రోజులగుటచే ఆ రికార్డులు బహు స్వల్పముగా అమ్ముడుపోయెను. అయినను రాబర్ట్ జాన్సన్, మడ్డీ వాటర్స్ వంటి గాయకులు ఆయన బాణిని అందుకొనిరి. 1941, 1942 సంవత్సరములలో ఆలన్ లోమాక్స్ అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయమునకై ఆయన గానమును భద్రపరచెను. 1943లో సన్ హౌస్ స్వస్థలము వీడి న్యూయార్కు రాష్ట్రములోని రోచెస్టరు నగరము చేరి, రైల్వేలో పనిచేసెను. గిటారు మూలబడెను.

ఇచట ఒక విషయము గమనింపదగినది. పాట బ్రతుకుట వేరు, పాటగాడు బ్రతుకుట వేరు. పాత రికార్డులను సేకరించువారు ఆ పలకలను బంగారమువలె దాచుకొనిరి. ఆ కంఠము గల మనుజుడు అదే దేశమున ఉన్నాడో లేడో వారిలో పెక్కురకు తెలియదు.

1964 జూన్ మాసమున వాటర్‌మన్, నిక్ పెర్ల్స్, ఫిల్ స్పైరో అను మువ్వురు యువకులు ఆయనను వెదకుచు మిసిసిపీకి పోయిరి. ఆ మాసముననే, ఆ రాష్ట్రముననే, నల్లజాతివారి వోటుహక్కు ఉద్యమమున పనిచేయుచున్న ముగ్గురు యువకులు హత్యకు గురియైరి. పాటను మెచ్చుటకు ప్రపంచము సిద్ధపడుచుండగా, పాడు జాతికి వోటు నిచ్చుటకు ఆ రాష్ట్రము సిద్ధపడలేదు. తుదకు గాయకుడు రోచెస్టరులో నున్నట్లు తెలిసి వారచటికి పోయిరి. మనిషి దొరకెను, కాని చేతులు విద్యను మరచినవి. అప్పుడు ఆలన్ విల్సన్ అను 20 ఏండ్లు దాటిన యువకుడు, పాత రికార్డులు విని నేర్చిన పాటలను ఆయన యెదుట వాయించి చూపెను. శిష్యుడు గురువునకు గురువు పాటనే అప్పగించెను. వృద్ధుడు విని, జ్ఞప్తికి తెచ్చుకొని, మరల సాధన చేసెను.

1965 ఏప్రిల్‌లో కొలంబియా సంస్థ స్టూడియోలో ఆయన గానమును రికార్డు చేసెను. వాబాష్ టేపు దానికి సుమారు ఐదు మాసములు ముందటిది. మరల దొరకిన విద్య ఇంకను క్రొత్తగా నున్న కాలపు గానమది. అందలి "డెత్ లెటర్" అను పాటలో ప్రియురాలు మరణించెనని జాబు వచ్చును; అతడు పోయి ఆమె శవమును చూచును. జరిగినది జరిగినట్లు చెప్పుటయే గాని శోకవర్ణనకై విశేషణములు గుప్పింపడు. కరుణరసమునకు ఇట్టి పొదుపు ఎంత బలమో విద్యార్థులు దీనివలన గ్రహింపగలరు.

ఈ పునర్జీవితము దీర్ఘకాలము సాగలేదు. దాదాపు పదేండ్లకే అనారోగ్యము కచేరీలను మాన్పించెను. 1988లో సన్ హౌస్ డెట్రాయిట్‌లో మరణించెను. రికార్డులు లేకున్న విల్సన్ ఆ పాటలను నేర్చి యుండడు. వెదకువారు లేకున్న వానిని తిరిగి అందుకొనుటకు గాయకుడు దొరకి యుండడు. ఈ రెంటిలో ఏ యొకటి లోపించినను వాబాష్ సభ లేదు.

ఉపాధ్యాయులు వీలైనచో "ప్రీచిన్ బ్లూస్" అను పాటను విద్యార్థులకు రెండుమార్లు వినిపింపవలెను. పని తప్పించుకొనుటకై మతబోధకుడగుదునని పలుకు వానిని గూర్చిన వ్యంగ్యమది. ముందు 1930 నాటిది, పిదప ఈ 1964 నాటిది. ఒకే మనుజుడు, ఒకే పాట. నడుమ గడచిన 34 ఏండ్లు ఆ కంఠమున ఏమి మిగిల్చినవో, ఏమి తీసికొని పోయినవో విద్యార్థులే చెప్పగలరు.