పాత లారీ ఇంజను: లోపములను గుర్తించుట, సరిచేయుట

ధాన్యము, చెఱకు, ఇటుకలు మున్నగు సరుకులను తరలించుటకై గ్రామములలో అనేకులు అప్పు చేసి పాత లారీని కొనుచుందురు. బండి తిరిగినంత కాలము వాయిదాలు చెల్లును. షెడ్డులో నిలిచిపోయిన నాటినుండి వడ్డీ పెరుగును. కావున ఇంజనును విప్పించుటకు ముందు, లోపమెచ్చట నున్నదో యజమాని కొంతవరకైనను తెలిసికొనుట మేలు.

ఇంజను పనిచేయు విధము

రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో జయప్రదముగా నడిపి చూపిన ఈ ఇంజనులో, నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు ఉండదు. పిస్టను గాలిని బలముగా నొక్కగా, ఆ గాలి 500 డిగ్రీల సెంటిగ్రేడుకు మించి వేడెక్కును. అందులోనికి డీజిలును సన్నని తుంపరగా చిమ్మగానే అది మండును. చాలినంత గాలి, శుభ్రమైన డీజిలు, తగిన ఒత్తిడి - ఈ మూడింటిలో ఏది తగ్గినను ఇంజను బలము తగ్గును.

పొగ తెలుపు సంగతి

నల్లని పొగ వచ్చినచో, డీజిలు ఎక్కువగుటయో, గాలి చాలకపోవుటయో జరుగుచున్నదని గ్రహింపవలెను. మొదట ఎయిర్ ఫిల్టరును చూడవలెను. మన మట్టిరోడ్ల దుమ్ముతో అది త్వరగా పూడిపోవును. పిమ్మట గాలిగొట్టముల పగుళ్లను, చివరకు ఇంజెక్టర్లను పరీక్షింపవలెను. అధికమైన బరువు వేసినను నల్లని పొగ వచ్చును.

నీలిపొగ ఇంజను ఆయిలు మండుచున్నదనుటకు గుర్తు. పిస్టను రింగులో, వాల్వు సీళ్లో అరిగియుండవచ్చును.

చలి ఉదయమున కొలది నిమిషములు తెల్లని పొగ వచ్చుట సహజము. ఇంజను వేడెక్కిన పిదపయు అది ఆగక, రేడియేటరులో నీరు తరుగుచున్నచో, హెడ్ గాస్కెట్టు దెబ్బతిన్నదేమో చూడవలెను. డిప్ స్టిక్కుపై ఆయిలు పాలవలె తెల్లబడియున్నచో నీరు ఆయిలులో కలిసినదని అర్థము. అట్టి బండిని నడుపరాదు. నడిపినచో బేరింగులు పాడగును.

స్టార్టు కాకున్నచో

స్టార్టరు మెల్లగా తిరిగినచో బ్యాటరీని, దాని తీగల బిగింపును చూడవలెను. స్టార్టరు చక్కగా తిరిగియు పొగ ఏమాత్రము రాకున్నచో డీజిలు అందుటలేదు. ట్యాంకును, ఫిల్టరును చూచి, పాతకాలపు పంపు గల ఇంజనులో ఫిల్టరు పైనున్న గాలి మరను వదులుచేసి, చేతిపంపుతో కొట్టవలెను. బుడగలు పోయి డీజిలు ధారగా వచ్చిన పిదప మరను బిగింపవలెను.

కొనుటకు ముందు

ఇంజను చల్లగా నున్నప్పుడే స్టార్టు చేయించి చూడుడు. మీరు వచ్చునప్పటికే అది వేడిగా నున్నచో, లోపమును దాచుటకు ముందే నడిపియుండవచ్చును. మెల్లగా తిరుగుచున్న ఇంజనుపై ఆయిలు మూతను జాగ్రత్తగా వదులుచేసినప్పుడు పొగ ఉధృతముగా వెలువడినచో, రింగులు అరిగినవని అనుమానింపవలెను. అట్టి మరమ్మతు ఖర్చును లెక్కించియే బేరమాడవలెను.

ప్రాణరక్షణ

వేడిగా నున్న రేడియేటరు మూతను తీయరాదు. మరుగునీరు ముఖముపై చిమ్మును. మూసిన షెడ్డులో ఇంజనును నడుపరాదు. పొగలోని విషవాయువు ప్రాణాంతకము. కామన్ రైల్ ఇంజనులలో డీజిలు ఒత్తిడి వెయ్యి బార్లకు మించియుండును. నడుచుచున్నప్పుడు ఆ గొట్టములను విప్పరాదు; కారుచున్న చోటును చేతితో తడిమి చూడరాదు. ఆ ధార చర్మమును చీల్చుకొని లోనికి పోవును. గాయము చిన్నదిగా కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఆయిలు మార్చిన తేదీని, తిరిగిన కిలోమీటర్లను ఒక పుస్తకములో వ్రాసికొనుడు. ఆయిలు ఒత్తిడి దీపము వెలిగినచో ఇంజనును తక్షణము ఆపుడు. ఖర్చులేని పరీక్షను ముందు చేసి, ఖర్చుగల మరమ్మతును చివరకు ఉంచుకొన్నవారికి పాత లారీయు అన్నము పెట్టును.