సొర ముందా, చెట్టు ముందా?

సొరచేపే ముందు. సొరల పూర్వీకులవని చెప్పే పొలుసులు 45 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో దొరికాయి. చెట్లు లేచి నిలబడింది 39 కోట్ల ఏళ్ల కిందట. కొయ్యలోని లిగ్నిన్‌ను విరగ్గొట్టే శిలీంధ్రాలు ఇంకా ఆలస్యంగా, సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట వచ్చాయి. వీటన్నిటికీ పెద్ద మన అరకు కొండరాయి. వంద కోట్ల ఏళ్ల చరిత్ర ఉన్న ఆ రాయికి 1902లో భూగర్భ శాస్త్రవేత్త టి.ఎల్.వాకర్ ఖోండు గిరిజనుల పేరు మీదుగా ఖొండలైట్ అని పేరు పెట్టాడు.

వెన్నెముక ఉన్న జీవుల్లో అన్నిటికంటే ఎక్కువ కాలం బతికేది గ్రీన్‌లాండ్ సొర. ఉత్తర అట్లాంటిక్, ఆర్కిటిక్ సముద్రాల్లో 2 వేల మీటర్ల లోతుకూ దిగుతుంది. ఏడాదికి పెరిగేది ఒక సెంటీమీటరు! దీని కంటి కటకం నడిబొడ్డు పుట్టకముందే తయారై, ఆపైన మారదు. అందులోని రేడియోకార్బన్‌ను కొలిచి, 5 మీటర్ల ఆడసొర ఒకదానికి 392 ఏళ్లని 2016లో లెక్కతేల్చారు. అటూ ఇటూ 120 ఏళ్ల తేడా ఉండొచ్చట. తగ్గించి వేసుకున్నా 272. అంటే 1757లో బొబ్బిలి యుద్ధం జరిగేనాటికే అది ఈదుతోంది.

ఆడసొర ఈడుకు రావడానికే 150 ఏళ్లు పడుతుంది. సంబంధాలు చూసేవాళ్లకు ఎంత ఓపిక కావాలో! అదే ఎండు దుంగల మీద మొలిచే షిజోఫిల్లమ్ కమ్యూనే అనే పుట్టగొడుగుకు ఆ బెంగే లేదు. ఆడ, మగ అని రెండే కాదు, దీనికి 23 వేలకు పైగా జత రకాలున్నాయి. ఎదురైనవాటిలో దాదాపు అన్నిటితోనూ జత కుదురుతుంది.

అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉన్న ఈ పుట్టగొడుగు బొటనవేలి గోరంత ఉంటుంది. కాడ కనిపించదు. పైన తెల్లటి నూగు; తిప్పి చూస్తే బూడిద, గులాబీ కలిసిన సన్నటి రేకులు, ఒక్కోటీ నిలువునా రెండుగా చీలి ఉంటుంది. ఎండకు ఆ చీలికలు ముడుచుకుపోతాయి, వాన పడగానే విచ్చుకుని బీజాలు రాలుస్తాయి. గాజు గొట్టంలో ఎండబెట్టి మూసిన నమూనా, 50 ఏళ్లు దాటాక తడపగానే మళ్లీ బీజాలు రాల్చింది.

ఏజెన్సీ సంతల్లో ఎండుచేపలూ, వానాకాలం అడవి పుట్టగొడుగులూ పక్కపక్కనే అమ్ముతారు. మన తీరంలో సొరను ఉడికించి, తోలు తీసి, పొడిగా వేయించి పిట్టు చేస్తారు. గ్రీన్‌లాండ్ సొరతో అంత తేలిక కాదు, పచ్చి మాంసం విషం. ఐస్‌లాండ్‌వాళ్లు సంప్రదాయంగా దాన్ని వారాల తరబడి గులకరాళ్లలో పాతిపెట్టి, నెలల తరబడి ఆరబెట్టి తింటారు. షిజోఫిల్లమ్‌ను మణిపుర్‌లో కాంగ్లాయెన్ అంటారు. లేతగా ఉన్నప్పుడు కోసి వండుకుంటారు. ముదిరితే తోలు నమిలినట్టే.