బిళ్ళలోని బొమ్మలు

హైదరాబాదు నగరమునందలి బాలానగరము పరిశ్రమలకు పేరుపొందిన ప్రాంతము. జాతీయ దూరసంవేదన కేంద్రము ఇచ్చటనే కలదు. 1974లో స్థాపింపబడిన ఈ సంస్థ 2008లో భారత అంతరిక్ష పరిశోధన సంస్థలో భాగమయ్యెను. ఉపగ్రహములు తీసిన భూమి చిత్రములను పరిశీలించి, పైరులు, చెరువులు, అడవులు ఎట్లున్నవో ఇచ్చటి నిపుణులు తెలిసికొందురు.

ఆ పరిసరములందలి ఇండ్లలోను, మన అందరి ఇండ్లలోను దాచుకొనదగిన చిత్రములు మరికొన్ని కలవు. అక్కగారి పెండ్లి, పాఠశాల వార్షికోత్సవము, కాలము చేసిన తాతగారి పలుకులు—ఇట్టివి పెక్కు డి.వి.డి. బిళ్ళలపై నున్నవి. గీతలు పడినను, ఎండ తగిలినను ఆ బిళ్ళలు చెడును. వానిని చదువగల యంత్రములు క్రొత్త కంప్యూటర్లలో అరుదైనవి. కావున వానిలోని బొమ్మలను చిన్న ఫైళ్ళుగా మార్చి భద్రపరచుట అవసరము. అయితే చిన్నవిగా చేసినచో బొమ్మలు చెడవా?

ముందుగా ఒక లెక్క చూతము. మన దేశపు డి.వి.డి. చిత్రములో అడ్డముగా 720, నిలువుగా 576 చుక్కలుండును. అనగా ఒక్క బొమ్మకు 4,14,720 చుక్కలు. చుక్కకు మూడు బైట్ల చొప్పున, క్షణమునకు 25 బొమ్మలు వ్రాసినచో, ఒక్క క్షణమునకే 3 కోట్ల 11 లక్షల బైట్లు కావలెను. సాధారణమైన బిళ్ళలో 470 కోట్ల బైట్లు పట్టును. ఈ లెక్కన అది రెండున్నర నిమిషములలో నిండిపోవలెను. కాని రెండు గంటల చలనచిత్రము దానిలో ఇముడుచున్నది! అనగా బిళ్ళలోని బొమ్మ ముందే కుదింపబడినదన్నమాట.

ఆ కుదింపునకు మార్గములు మూడు. మన కన్ను వెలుగునీడలను గుర్తించినంత నిశితముగా రంగులను గుర్తింపదు. కావున రంగుల వివరములను తగ్గించి వ్రాయుదురు. ఒక బొమ్మకును తరువాతి బొమ్మకును భేదము స్వల్పము. పందిరి కదలదు, పెండ్లికొడుకు చేయి మాత్రము కదలును. కావున కదలిన భాగమునే వ్రాయుదురు. మూడవది గణిత మార్గము. బొమ్మను 64 చుక్కల గళ్ళుగా విభజించి, ప్రతి గడిని కొన్ని అలల కూడికగా మార్చి, కన్ను గమనింపని సన్నని అలలను విడిచెదరు.

ఈ మూడవ మార్గమునకు ఆధారమైన సూత్రమును బెంగుళూరున జన్మించిన నాసిర్ అహమ్మద్ ఊహించెను. 1972లో ఆయన అమెరికాలో ధనసహాయము కోరగా, అది మరీ సులభమైన విషయమని లభింపలేదు. ఆయన వెనుదీయక పని సాగించి, శిష్యుడగు నటరాజన్‌తోను, మిత్రుడగు కామిశెట్టి రామమోహనరావుతోను కలిసి 1974లో దానిని ప్రకటించెను. నేడు ఫోటోలును, డి.వి.డి.లును ఆ సూత్రముపైననే ఆధారపడియున్నవి.

డి.వి.డి.లోని కుదింపు పద్ధతి 1990ల నాటిది. 2003లో హెచ్.264 అను పద్ధతి వెలువడెను. కదలికలను ఇది మరింత నేర్పుతో లెక్కించును. కావున అదే నాణ్యతకు ఇంచుమించు సగము చోటు చాలును. హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత సాధనముల ద్వారా ఈ మార్పు చేయవచ్చును. అందు నాణ్యతను తెలుపు అంకె యొకటి యుండును, డి.వి.డి. బొమ్మలకు 18 మొదలు 22 వరకు తగును. అంకె తగ్గినకొలది నాణ్యతయు, ఫైలు పరిమాణమును పెరుగును. నెమ్మదిగా పని చేయు అమరికను ఎంచుకొనినచో ఫైలు మరింత చిన్నదగును. బొమ్మ కొలతలను పెంచుట వృథా. లేని వివరము పెంచినంత మాత్రమున రాదు. కదలు వస్తువుల అంచులు దువ్వెన పండ్లవలె కనబడినచో, బేసి గీతలను, సరి గీతలను సరిపరచు అమరికను వాడవలెను. మొదట రెండు నిమిషముల భాగమును మార్చి, మూలముతో పోల్చి చూచుట మంచిది. ఇతరులకు హక్కులున్న చలనచిత్రములను వారి అనుమతి లేక నకలు చేయరాదు.

ఒక్క సంగతి మరువరాదు. విడిచిన వివరము మరల రాదు. మార్చిన ఫైలును మరల మార్చినచో మరికొంత నష్టము కలుగును. కావున ఎప్పుడును మూలమునుండియే మార్చవలెను. మూలపు నకలును వేరొకచోట దాచవలెను.

పెండ్లి చిత్రమునకు కన్నే న్యాయాధిపతి. కన్ను గమనింపనిది పోయినను లోటు లేదు. ఉపగ్రహ చిత్రములో ప్రతి చుక్కయు ఒక కొలత. కన్నునకు తోచని చిన్న భేదమే ఎండుచున్న పైరును తెలుపవచ్చును. అట్టివానికై ఏమియు పోనీయని కుదింపు పద్ధతులును కలవు. అయితే వానివలన ఫైలు అంతగా తగ్గదు. ఏది విడువవచ్చునో, ఏది విడువరాదో చిత్రముయొక్క ప్రయోజనమే నిర్ణయించును. ఆ వివేకము లేనిచో ఎంత గొప్ప యంత్రమున్నను ప్రయోజనము లేదు.